ఐఈఎల్‌టీఎస్ స్కోరు వచ్చింది సరే, క్లాసులో ఇంగ్లీషుకు ఎలా సిద్ధం కావాలి?

గుంటూరు నుంచి బెజవాడ కోచింగుకు మూడు నెలలు బస్సులో తిరిగాను. కావలసిన స్కోరు వచ్చిన రోజు బ్రాడీపేటలో మా ఇంటి చుట్టుపక్కల అందరికీ స్వీట్లు పంచాం. ఇక ఇంగ్లీషు గొడవ తీరిపోయిందనుకున్నాను. విదేశంలో యూనివర్సిటీలో చేరి మొదటి అసైన్‌మెంట్ ఇస్తే, అది ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. గ్రామర్ తప్పులు పెద్దగా లేవు. మార్జిన్‌లో మాత్రం ఒకటే ప్రశ్న ఐదు చోట్ల రాసి ఉంది: ‘ఎవరన్నారు?’

ఆ ప్రశ్న కోచింగులో నన్ను ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ రెండో టాస్కులో 40 నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయాలి. మీ అభిప్రాయం చెప్పి, మీ అనుభవంలోంచి ఉదాహరణ ఇస్తే చాలు. రీడింగ్‌లో గంటలో 40 ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటాం. యూనివర్సిటీలో జవాబు వెతకడానికి ప్రశ్నలే ఉండవు. ముప్ఫై పేజీల పరిశోధన పేపర్ చేతిలో పెట్టి ‘చదివి రండి, చర్చిద్దాం’ అంటారు. పరీక్ష మంచిదే, కాకపోతే అది గుమ్మం వరకే తీసుకెళ్తుంది.

జూన్‌లో స్కోరు, సెప్టెంబరులో క్లాసులు అనుకుంటే మధ్యలో రెండు మూడు నెలలుంటాయి. వీసా, లోను, సూట్‌కేసులు, ఆవకాయ ప్యాకింగు వాటిని మింగేస్తాయి. అందులోంచి రోజుకో గంట తీయండి. ఆ గంటలో ఏం చేయాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు మీ కోర్సు పేపర్ ఒకటి సంపాదించండి

చాలా యూనివర్సిటీల వెబ్‌సైట్లలో కోర్సు వివరాలతో పాటు చదవాల్సిన పుస్తకాల, పేపర్ల జాబితా ఉంటుంది. అందులోంచి ఒకటి పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో వెతకండి. ఉచితంగా దొరికేవి చాలానే ఉన్నాయి. దొరికాక మొదటి లైను నుంచి డిక్షనరీ పట్టుకుని కూర్చోకండి, మూడో పేజీకి నిద్రొస్తుంది. ముందు పైనున్న సారాంశం, తర్వాత చివరి ముగింపు, ఆ తర్వాత బొమ్మలు, పట్టికలు చూడండి. ‘ఈయన ఏం తేల్చాడు?’ అన్నదానికి రెండు వాక్యాల్లో జవాబు రాయగలిగితే, అప్పుడు మొదటి నుంచి చదవండి. వారానికి ఒక పేపర్ చాలు.

‘అట’, ‘కాబోలు’: ఇవి మనకు ముందే వచ్చు

నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన ఇళ్లల్లో ‘వాళ్లబ్బాయికి ఉద్యోగం వచ్చింది’ అని ఎవరూ ఊరికే అనరు. కళ్లారా చూస్తే ‘వచ్చింది’, ఎవరో చెబితే ‘వచ్చిందట’, ఊహ అయితే ‘వచ్చింది కాబోలు’. తెలిసింది, విన్నది, ఊహించింది మాటలోనే విడివిడిగా కనిపిస్తాయి. అకడమిక్ ఇంగ్లీషు అడిగేది సరిగ్గా అదే. విచిత్రం ఏమిటంటే, ఇంట్లో ఇంత జాగ్రత్తగా మాట్లాడే మనం ఇంగ్లీషులో రాసేటప్పుడు అన్నీ కళ్లారా చూసినట్టే రాస్తాం.

నా అసైన్‌మెంటులో వాక్యం ఇది: ‘గ్లోబల్ వార్మింగ్ ఈజ్ డెస్ట్రాయింగ్ చిల్లీ ఫార్మింగ్ ఇన్ గుంటూర్.’ గుంటూరువాణ్ణి, నాకు తెలియదా అని ధీమా. ఎవరన్నారు? మొత్తం నాశనమేనా? ఏ దశలో, ఎంత వేడికి? ఒక్కదానికీ నా దగ్గర ఆధారం లేదు. పేపర్లు తిరగేసి మళ్లీ రాస్తే ఇలా అయింది: ‘హై టెంపరేచర్స్ డ్యూరింగ్ ఫ్లవరింగ్ మే రెడ్యూస్ చిల్లీ యీల్డ్స్’, పక్కన ఆ మాట చెప్పిన పరిశోధకుడి పేరు, సంవత్సరం. పూత దశలో వేడి ఎక్కువైతే పూత రాలుతుందని మా తాతయ్యకూ తెలుసు. కానీ తాతయ్యను రిఫరెన్సుగా ఇవ్వలేం కదా.

ఆ వాక్యంలో ‘మే’ అన్నది మన ‘కాబోలు’. ‘సజెస్ట్స్’, ‘అపియర్స్ టు’, ‘టెండ్స్ టు’ దాని చుట్టాలే. ‘అట’కు బదులు ‘రిపోర్ట్స్’, ‘ఆర్గ్యూస్’, ‘క్లెయిమ్స్’ వాడతారు, కానీ మూడూ ఒకటి కావు. ‘రిపోర్ట్స్’ అంటే ఉన్నది చెప్పాడని. ‘ఆర్గ్యూస్’ అంటే వాదిస్తున్నాడని. ‘క్లెయిమ్స్’ అంటే అతను అంటున్నాడు గానీ మనకు అంత నమ్మకం కుదరలేదని. ‘ప్రూవ్స్’ జోలికి మాత్రం సాధారణంగా పోకండి. ఇలాంటి వాక్యాలు ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల ‘అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్’ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. దాన్ని బట్టీ పట్టకండి, రాసేటప్పుడు పక్కన తెరిచి పెట్టుకోండి.

పేపర్ మూసేసి అమ్మకు చెప్పండి

ఇంటర్మీడియట్‌లో మనం నేర్చిన విద్య టెక్స్ట్‌బుక్ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా దించడం. మార్కులూ దానికే పడ్డాయి. అక్కడ అదే పని చేస్తే దాన్ని ప్లేజియరిజం అంటారు, సున్నా మార్కులతో వదిలితే అదృష్టమే. నాలుగు మాటలు మార్చి, వాక్యాన్ని అలాగే ఉంచినా అదే తప్పు. టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్ మీ రాతను వేరే రాతలతో పోల్చి, కలిసిన చోటల్లా రంగు వేసి చూపిస్తుంది.

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. ఒక పేరా చదివి మూసేయండి. వంటింట్లో ఉన్న అమ్మకో, పేపరు చదువుతున్న బాబాయికో అందులో ఏముందో తెలుగులో చెప్పండి. వాళ్లు ‘అయితే ఏంటంట?’ అంటే మీకే సరిగ్గా అర్థం కాలేదని లెక్క, మళ్లీ చదవండి. వాళ్లు తలూపాక, పేపర్ చూడకుండా ఇంగ్లీషులో రాయండి. రాశాక అసలు దానితో పోల్చి అర్థం మారలేదని చూసుకోండి. పేరు, సంవత్సరం చేర్చడం మాత్రం మరవకండి, మాటలు మీవైనా విషయం వాళ్లది. ఏ పద్ధతిలో చేర్చాలో మీ డిపార్ట్‌మెంట్ చెబుతుంది. ఏపీఏ అనే పద్ధతి అయితే పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ల ‘ఔల్’ సైటులో ఉదాహరణలతో సహా ఉంటుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. మనం విషయం చెప్పే తీరూ అంతే, నేపథ్యమంతా చెప్పి అసలు మాట ఆఖర్న పెడతాం. ఇంగ్లీషు పేరాలో మొదటి వాక్యమే అసలు మాట కావాలి. కాబట్టి రాసిన పేరాలో చివరి వాక్యాన్ని తీసి మొదట పెట్టి చూడండి. నా పేరాలు సగానికి సగం అలాగే బాగుపడ్డాయి.

మాటల సంగతి

బెజవాడ ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో లావుపాటి జీఆర్‌ఈ పదాల పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. వాటి కోసం ఎగబడకండి. న్యూజిలాండ్ భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ‘అకడమిక్ వర్డ్ లిస్ట్’ ప్రచురించారు. అందులో 570 పద కుటుంబాలు, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటల గుంపులు, ఉన్నాయి, అకడమిక్ రాతల్లో సుమారు పదో వంతు మాటలు అవే. చూస్తే ‘అస్యూమ్’, ‘డిరైవ్’, ‘ఎస్టాబ్లిష్’ లాంటి మామూలు మాటలే. తెలుసులే అనుకునే మాటలతోనే ఇబ్బంది. ‘సిగ్నిఫికెంట్’ అంటే ముఖ్యమైనది అని చదువుకున్నాం కదా, గణాంకాల పేపర్లో దానికి వేరే కచ్చితమైన అర్థం ఉంది. అందుకని మాట ఒక్కటే కాకుండా, మీ పేపర్లో అది వచ్చిన వాక్యం మొత్తం నోట్‌బుక్‌లో రాసుకోండి.

వినడం, మాట్లాడటం

ఐఐటీల వాళ్ల ఉచిత ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటీఈఎల్‌లో మీ సబ్జెక్టు లెక్చర్లతో మొదలుపెట్టండి, మన ప్రొఫెసర్ల యాస కాబట్టి భయం పోతుంది. రెండో వారం నుంచి ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్ లాంటి వాటికి మారండి. ఇరవై నిమిషాలు ఆపకుండా వినండి. క్లాసులో పాజ్ బటన్ ఉండదు. వింటూ పేజీకి కుడివైపు నోట్స్ రాసి, అయ్యాక ఎడమవైపు ప్రశ్నలు రాసుకోండి. దీన్నే కార్నెల్ పద్ధతి అంటారు.

మాట్లాడేటప్పుడు మన ఇంగ్లీషు మాటలు కొన్ని అక్కడ వేరే అర్థమిస్తాయి. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు సందేహం అడగడం, వాళ్లకు మీరు నమ్మట్లేదని వినిపిస్తుంది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని నేను పరిచయం చేసుకుంటే పక్కనున్న అమ్మాయి కంగారుగా చూసింది. సొమ్మసిల్లి పడిపోయానని అర్థమట! మెయిల్‌లో ‘రెస్పెక్టెడ్ సర్’ బదులు ‘డియర్ ప్రొఫెసర్’ అని, తర్వాత వాళ్ల ఇంటిపేరు చాలు.

ఏఐ టూల్స్ గురించి ఒక్క మాట: ఎంతవరకు వాడొచ్చో యూనివర్సిటీకో రూలు, ఒక్కోసారి సబ్జెక్టుకో రూలు. చేరగానే అది చదవండి.

చాలా యూనివర్సిటీల్లో రాత చూసి సలహా ఇచ్చే రైటింగ్ సెంటర్ ఉంటుంది, సాధారణంగా ఉచితమే. వెళ్తే నామోషీ అని నేను మొదటి సెమిస్టర్ అంతా ఆ గుమ్మం తొక్కలేదు. తీరా వెళ్తే క్యూలో నా ముందున్న ఇద్దరూ ఇంగ్లీషు మాతృభాషగా పుట్టినవాళ్లే. మీరు మొదటి వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఇక్కడ రాసుకున్న ఒక పేజీ కూడా పట్టుకెళ్లండి.