ముట్లుడిగాక మన గుండె – 3వ పాఠం: టేపు, బీపీ మిషన్

ఆఖరి ముట్టు తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఆ తేదీ నుంచి వరసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ముట్లుడిగినట్టు. ఏడో నెలలోనో పదో నెలలోనో మళ్లీ వస్తే లెక్క మొదటికొస్తుంది. ఏడాది నిండాక రక్తం కనబడితే మాత్రం అది ముట్టు కాదు, వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి.

గర్భసంచి తీయించుకున్నవాళ్లకి ఈ లెక్క పనికిరాదు. ఆ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. డిశ్చార్జి కాగితం వెతికి తీసి, అండాశయాలు ఉంచారో తీసేశారో ఏఎన్ఎం చేత చదివించుకోండి. 45 ఏళ్లలోపే రెండూ తీసేసి ఉంటే గుండెజబ్బు ముప్పు తోటివాళ్లకంటే ముందే మొదలవుతుంది. మీరు ఆఖరి ముట్టు కోసం చూడక్కర్లేదు, ఈ పాఠం ఇవాళే మొదలుపెట్టండి.

టేపు

తూకంలో అవే 58 కిలోలు ఉండొచ్చు. లంగా బొందు మాత్రం అందడం మానేస్తుంది. ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్లూ కొవ్వు తొడలకీ పిరుదులకీ చేరేది. అది తగ్గాక పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడి కొవ్వు నేరుగా కాలేయానికి పోతుంది. దాంతో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి. చెడ్డ కొలెస్ట్రాల్ బాగా ఎగబాకేది కూడా ఆఖరి ముట్టుకి ఏడాది అటూ ఇటూగానే. అందుకే బరువుకంటే ముందు నడుము చూడమంటున్నాం.

దర్జీ టేపు చాలు. పాత గుడ్డ టేపు సాగిపోయి ఉంటుంది, పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలు పక్కన పెట్టి సరిచూడండి. పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు కొలవాలి. చీర మీద కొలిస్తే కుచ్చిళ్ల మందం కూడా లెక్కలోకొస్తుంది. బొందు వదులు చేసి లంగా కిందికి జరపండి. పక్కటెముకల్లో ఆఖరిది వేలితో తడిమి పట్టుకోండి, తర్వాత తుంటి ఎముక పై అంచు పట్టుకోండి. ఈ రెంటికీ సరిగ్గా మధ్యన కాటుకతో చుక్క పెట్టండి. బొడ్డు దగ్గర కొలవడం చాలామంది చేసే తప్పు, పొట్ట జారినవాళ్లకి బొడ్డూ జారుతుంది. కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడి, టేపు చుక్క మీదుగా నేలకి సమాంతరంగా తిప్పండి. వీపు వైపు జారిందేమో కోడలో కూతురో చూడాలి. మామూలుగా ఊపిరి వదిలి, వదిలిన చివర్లో అంకె చదవాలి. పొట్ట లోపలికి లాగకూడదు (అందరూ లాగుతారు!). రెండుసార్లు కొలిచి సగటు రాయండి. రెంటికీ తేడా ఒక సెంటీమీటరు దాటితే మళ్లీ రెండుసార్లు కొలవండి.

మన ఆడవాళ్లకి గీత 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు. టేపు చదవడం రాని అమ్మకో అత్తకో 80 సెంటీమీటర్ల పురికొస కత్తిరించి ఇవ్వండి. అదే చోట చుట్టినప్పుడు కొసలు కలవకపోతే గీత దాటినట్టే.

బీపీ మిషన్

మణికట్టుకి కట్టేది కొనొద్దు, దండకి (మోచేతికి పైభాగానికి) కట్టేదే కొనండి. దండ లావుగా ఉన్నవాళ్లకి పెద్ద పట్టీ కావాలి, చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. బిగుతు రవిక చెయ్యి పైకి మడిచి కట్టినా అంకె తప్పుతుంది, ఆ చేతిని రవికలోంచి తీసేయడమే మంచిది. పట్టీ కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్లు పైన ఉండాలి.

కొలిచే ముందు అరగంట టీ, చుట్ట వద్దు. మన తీరప్రాంతంలో నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ కూడా పొగే. అంగిలి క్యాన్సర్ సంగతి చాలామందికి తెలుసు, ఆ పొగ గుండె రక్తనాళాలనీ పాడుచేస్తుందని తెలిసినవాళ్లు తక్కువ. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకి ఆన్చి 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. పీట మీద బాసింపట్టు వేసుకుని కొలవొద్దు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, వేలాడేస్తే అంకె పెరుగుతుంది. మాట్లాడినా పెరుగుతుంది. మొదటిరోజు రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఇకపై కట్టండి.

పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం ఎడంతో, 7 రోజులు రాయండి. మొదటిరోజువి కొట్టేయండి. మిగిలిన 24 పై అంకెలు కూడి 24తో భాగించండి, కింది అంకెలు కూడా అంతే. సగటు 135/85కి చేరినా దాటినా ఆ కాగితం పట్టుకుని పీహెచ్‌సీకి వెళ్లండి. ఎప్పుడైనా 180/120 దాటితే 5 నిమిషాలాగి మళ్లీ చూడండి. మళ్లీ అంతే వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గుండెలో బరువు, దవడ నొప్పి, చల్లచెమట, ఆయాసం, మూతి వంకర ఉంటే బీపీ ఎంతున్నా సరే 108కి ఫోన్ చేయండి. గ్యాసని సోడా తాగి పడుకోవద్దు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకి ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు కిడ్నీ జబ్బు ఎంతుందో తెలిసిందే. ముట్లుడిగే వయసులో కీళ్లనొప్పులొస్తాయి, మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనేస్తారు. అది బీపీ పెంచుతుంది, కిడ్నీని దెబ్బతీస్తుంది. బీపీ ఎక్కువున్నవాళ్లు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించుకోవాలి.

రక్తపరీక్ష కాగితంలో చూడాల్సినవి: పరగడుపు షుగరు 100 లేదా ఆపైన, ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 50కి లోపు. వీటికి 80 లేదా ఆపైన ఉన్న నడుము, పై అంకె 130కో కింది అంకె 85కో చేరిన బీపీ కలిపితే అయిదు. ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. రక్తహీనత గానీ సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) గానీ ఉంటే మూడు నెలల షుగరు పరీక్షని (హెచ్‌బీఏ1సీ) ఒక్కదాన్నే నమ్మొద్దు, పరగడుపు షుగరూ చేయించండి. ఒంట్లో ఆవిర్లకి డాక్టరు రాసే హార్మోన్ మందు ఆవిర్లకే, గుండెజబ్బు రాకుండా వేసుకునేది కాదు.

ఇంటిపని: ఈ వారం బీపీ పట్టిక నింపండి. నడుము నెలకోసారి, అదే తేదీన కొలవండి. వచ్చే పాఠం ఉప్పు, నూనె లెక్క. మనిషికి రోజుకి 5 గ్రాములు మించకూడదు కాబట్టి నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులైనా రావాలి. ఆవకాయ, ఎండుచేపల ఉప్పు వేరేగా ఉంటే ఇంకా ఎక్కువ రోజులే రావాలి. కొత్త ప్యాకెట్ తెరిచిన తేదీ ఇవాళే దాని మీద రాసి ఉంచండి.