స్వలింగాకర్షణ పుట్టుకతో వస్తుందా అన్న చర్చను ఎలా చదవాలి, ఇంట్లో ఎలా మాట్లాడాలి

స్వలింగాకర్షణ గురించి మన ఇళ్లలో ఎప్పుడు మాట వచ్చినా మొట్టమొదట తలెత్తే ప్రశ్న అది ఎందుకు వస్తుందన్నదే. పుట్టుకతోనే వస్తుందని ఒకరు అంటారు, పెంపకం వల్లో సావాసాల వల్లో అలవడుతుందని మరొకరు అంటారు. చివరకు ఆ వాదనలో ఎవరిది పైచేయి అయితే దాన్ని బట్టే ఆ మనుషులకు మర్యాద ఇవ్వాలో వద్దో తేలిపోవాలన్నట్టు చర్చ ముగుస్తుంది. పరిశోధనల వార్తలను, సర్వే అంకెలను మోసపోకుండా ఎలా చదువుకోవాలో, సొంత ఇంట్లోనే ఈ మాట వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా రెండు ప్రశ్నలను విడదీయండి

ఒక లక్షణం ఎలా వచ్చిందన్నది శాస్త్రం తేల్చవలసిన ప్రశ్న. ఆ లక్షణం ఉన్న మనిషితో మనం ఎలా మెలగాలన్నది నీతికి, చట్టానికి సంబంధించిన ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండవదానికి కూడా దొరికినట్టేనని చాలామంది నమ్ముతారు కాని, చరిత్ర అలా నడవలేదు. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే జర్మన్ వైద్యుడు, ఇది సహజసిద్ధమైనదని రుజువైతే పురుషుల మధ్య సంబంధాలను నేరంగా పరిగణించే జర్మనీ చట్టంలోని 175వ సెక్షన్ దానంతటదే పోతుందన్న నమ్మకంతో 1897లో బెర్లిన్‌లో సంతకాల ఉద్యమం మొదలుపెట్టాడు. 1933లో నాజీలు ఆయన నెలకొల్పిన పరిశోధన సంస్థను దోచుకుని, అందులోని పుస్తకాలను నడివీధిలో తగలబెట్టారు. ఆ తరువాతి సంవత్సరాల్లో వేలాది స్వలింగ ప్రేమికులను నిర్బంధ శిబిరాలకు పంపారు. పుట్టుకతో వచ్చినదని ఒప్పుకున్నవాడు సైతం దానిని పుట్టు లోపమని, తుడిచివేయవలసిన జబ్బని అనగలడు కనుక, ఆ ఒక్క వాదన మీదే ఎవరి భద్రతనూ నిలబెట్టలేము.

ఇదే సంగతిని మన రాజ్యాంగం వైపు నుంచి కూడా చూడవచ్చు. ఎవరూ జన్యువుల్లో మతాన్ని మోసుకుని పుట్టరు, కావాలనుకుంటే మార్చుకోవచ్చు కూడా. అయినా 25వ అధికరణం మత స్వేచ్ఛకు రక్షణ ఇస్తుంది, 15వ అధికరణం కులంతో, లింగంతో, జన్మస్థలంతో పాటు మతాన్ని కూడా వివక్షకు కారణం చేయరాదంటుంది. అంటే ఒక హక్కు దక్కడానికి అది పుట్టుకతో వచ్చిన లక్షణమే అయి ఉండాలన్న షరతు మన చట్టంలో ఎన్నడూ లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ ఇష్టపూర్వకంగా దగ్గరయ్యే వయోజనులకు వర్తించదని తీర్పు చెప్పింది. లైంగిక ధోరణి సహజమైనదన్న మాటలు ఆ తీర్పులో ఉన్నప్పటికీ, అది నిలబడింది సమానత్వం, గౌరవం, గోప్యత అన్న హక్కుల మీద. ఇదంతా పాశ్చాత్య దిగుమతి అనే పెద్దలు ఎదురైతే, 1860లో ఆ సెక్షన్‌ను మన నెత్తిన పెట్టినది బ్రిటిష్ ప్రభుత్వమేనని నెమ్మదిగా గుర్తుచేయవచ్చు.

పరిశోధన వార్త చేతికి వచ్చినప్పుడు

కారణాల గురించిన ప్రశ్నకు అంత విలువ లేదని నేను అనడం లేదు. మనిషి గురించి తెలుసుకోదగిన గొప్ప ప్రశ్నల్లో అదొకటి. అయితే వార్త శీర్షికకు, లోపలి పరిశోధనకు మధ్య దూరం చాలా ఉంటుంది కనుక కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి.

పరీక్షించినది ఎవరిని, ఎంతమందిని అన్నది మొదట చూడండి. 1991లో సైమన్ లెవే అనే నాడీ శాస్త్రవేత్త, మరణించిన 41 మంది మెదళ్లను పరిశీలించాడు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలోని ఒక చిన్న కణసముదాయం, స్త్రీల పట్ల ఆకర్షణ గలవారని భావించిన పురుషుల్లో, స్వలింగాకర్షణ గల పురుషుల్లో కంటే రెండింతలకు పైగా పెద్దదిగా ఉందని ఆయన సైన్స్ పత్రికలో ప్రకటించాడు. ప్రపంచమంతటా పతాక శీర్షికలు వచ్చాయి. లోపలికి వెళ్లి చూస్తే, స్వలింగాకర్షణ గలవారిగా నమోదైన 19 మంది పురుషులూ ఎయిడ్స్‌తో మరణించినవారే. పోలిక కోసం తీసుకున్న 16 మంది పురుషుల్లో ఆ జబ్బుతో పోయినవారు ఆరుగురే. జబ్బు ప్రభావం ఎంతో విడదీసి చూడవలసిందే. పైగా ఆ తేడా పుట్టినప్పటి నుంచీ ఉన్నదో, జీవితంలో తరువాత ఏర్పడినదో మరణానంతరం కొలిచిన మెదడు చెప్పలేదు. తాను జన్యు కారణాన్ని నిరూపించలేదని లెవేయే పదేపదే స్పష్టం చేయవలసి వచ్చింది.

ఆ మనుషులను ఎలా సేకరించారన్నది తరువాత చూడండి. అదే 1991లో బెయిలీ, పిల్లార్డ్ అనే పరిశోధకులు కవలలను అధ్యయనం చేసి, ఒకే రూపం గల కవలల్లో ఒకరు స్వలింగాకర్షణ గల పురుషుడైతే రెండవవారు కూడా అలాగే ఉండటం 52 శాతం జంటల్లో, వేరు వేరు అండాల నుంచి పుట్టిన కవలల్లో 22 శాతం, దత్తత సోదరుల్లో 11 శాతం కనిపించిందని చెప్పారు. ఆ కవలలను స్వలింగ ప్రేమికుల పత్రికల్లో ప్రకటనలు ఇచ్చి పిలిచారు. తన కవల సోదరుడు కూడా తనలాంటివాడే అయితే అలాంటి ప్రకటన చూసి ముందుకు వచ్చే అవకాశం ఎక్కువ. 2000లో బెయిలీయే మరికొందరితో కలిసి, ప్రకటనలతో పని లేని ఆస్ట్రేలియా కవలల రిజిస్టరు నుంచి మనుషులను తీసుకుని చూసినప్పుడు ఒకే రూపం గల మగ కవలల్లో ఆ సంఖ్య సుమారు 20 శాతానికి దిగింది. జన్యువులకు ఏ పాత్రా లేకపోతే ఒకే రూపం గల కవలల మధ్య ఆ పోలిక మిగతా కవలల్లో కంటే ఎక్కువగా కనిపించకూడదు, జన్యువులే సర్వస్వమైతే అది నూటికి నూరుగా ఉండాలి. వాస్తవం ఈ రెండు కొసలకూ నడుమ ఎక్కడో ఉంది.

కొలిచినది దేనినన్నది మూడవ సంగతి. 1993లో డీన్ హామర్ బృందం ఎక్స్ క్రోమోజోమ్ చివర ఒక ప్రాంతాన్ని గుర్తించగానే పత్రికలు దానికి గే జన్యువని పేరు పెట్టేశాయి. 1999లో మరొక బృందం వెతికినప్పుడు ఆ సంబంధం కనిపించలేదు. 2019లో సుమారు 4 లక్షల 77 వేల మంది జన్యు సమాచారంతో వచ్చిన భారీ అధ్యయనం అటువంటి ఒంటరి జన్యువేదీ లేదని, చిన్నచిన్న ప్రభావాలు గల అనేక జన్యు భేదాలు ఉన్నాయని, వాటిలో ఐదింటిని మాత్రమే గట్టిగా గుర్తించగలిగామని చెప్పింది. సాధారణ జన్యు భేదాలన్నింటినీ కలిపి లెక్కించినా జనాభాలో కనిపించే తేడాల్లో 8 నుంచి 25 శాతాన్నే వివరించగలవని, వాటితో ఏ ఒక్క వ్యక్తి గురించీ జోస్యం చెప్పలేమని కూడా చెప్పింది. అయితే అందులో అడిగిన ప్రశ్న, జీవితంలో ఎప్పుడైనా స్వలింగ వ్యక్తితో శారీరక సంబంధం కలిగిందా అన్నది. ఆకర్షణ ఉండి జీవితమంతా అణచుకున్నవారు ఆ లెక్కలో ఒక వైపుకు, ఒక్కసారి ఏదో సందర్భంలో అనుభవం కలిగినవారు మరొక వైపుకు వెళ్లిపోతారు. పాల్గొన్నవారు ఐరోపా మూలాలవారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూర్చుని ఆ అంకెను మన ఊరి పిల్లవాడికి అతికించే ముందు ఈ రెండు సంగతులూ గుర్తుండాలి.

శాతాలు కనిపించినప్పుడల్లా అవి దేనిలో శాతమో అడగండి. అన్నలు ఎక్కువగా ఉన్న మగపిల్లల్లో స్వలింగాకర్షణ కొంచెం ఎక్కువగా కనిపిస్తుందని రే బ్లాంచర్డ్, ఆంథొనీ బొగార్ట్ 1990లలో చూపారు. ఒక్కొక్క అన్నతో అవకాశం సుమారు మూడవ వంతు పెరుగుతుందని చెబుతారు. వినడానికి అది పెద్ద మాటే. కాని మొదటి సంతానంలో నూటికి ఇద్దరని అనుకుంటే, ఒక అన్న ఉన్నవారిలో నూటికి ఇద్దరి నుంచి ముగ్గురి మధ్యన ఉంటుంది. అన్నలున్న మగవారిలో అత్యధికులకు ఆడవారి పట్లే ఆకర్షణ ఉంటుంది.

ఇవన్నీ చదివాక నాకు తోచినది ఇది. పుట్టకముందే పనిచేసే జీవసంబంధ కారణాలకు ఆధారాలు బలంగా ఉన్నాయి, కాని అవి పూర్తి చిత్రం కాదు. అతిగా పెత్తనం చేసే తల్లి వల్ల, దూరంగా ఉండే తండ్రి వల్ల పిల్లలు ఇలా అవుతారన్న పాత సిద్ధాంతానికి మాత్రం నిలబడే ఆధారం దొరకలేదు. కారణం పూర్తిగా తెలియకపోవడం వేరు, ఆకర్షణను ఎవరో కోరి ఎంచుకున్నారనడం వేరు. ఈ రెండింటినీ కలిపేసే వ్యాసం కనిపిస్తే దానిని పక్కన పెట్టవచ్చు.

సర్వే అంకెలను చదివేటప్పుడు

అమెరికాలో గాలప్ సంస్థ 1977లో ఇది పుట్టుకతో వస్తుందా, పెంపకం, పరిసరాల వల్ల వస్తుందా అని అడిగినప్పుడు పుట్టుకతోనే అన్నవారు 13 శాతం, పెంపకం అన్నవారు 56 శాతం. 2015 నాటికి అది తిరగబడి 51 శాతానికి, 30 శాతానికి వచ్చింది. స్వలింగ వివాహానికి మద్దతు కూడా 1996లో 27 శాతం నుంచి 2015లో 60 శాతానికి పెరిగింది. పుట్టుకతో వస్తుందని నమ్మడం వల్లే మనసులు మారాయని దీన్ని బట్టి తేల్చేయడానికి లేదు. అవే దశాబ్దాల్లో లక్షల మంది తమ సంగతి ఇంట్లో బయటపెట్టారు. తన తమ్ముడి గురించో మేనకోడలి గురించో తెలుసుకున్న మనిషి ముందు మెత్తబడి, ఆ తరువాత దానికి సరిపడే కారణాన్ని నమ్మి ఉండవచ్చు.

మన దేశం సంగతికి వస్తే, సమాజం స్వలింగాకర్షణను అంగీకరించాలా అని ప్యూ సంస్థ 2019లో అడిగినప్పుడు 37 శాతం మంది అవునన్నారు. స్వలింగ జంటలకు చట్టబద్ధ వివాహాన్ని అనుమతించడం గురించి 2023లో అడిగినప్పుడు 53 శాతం మంది అనుకూలమన్నారు. అంగీకరించనివారు కూడా పెళ్లికి ఒప్పుకుంటారా అని ఆశ్చర్యం కలుగుతుంది. సంవత్సరం మారింది, ప్రశ్న మారింది. సమాజం అన్న పెద్ద మాట ఎదుట బిగుసుకునే మనిషి, చట్టం ఒక జంటకు అనుమతి ఇవ్వడాన్ని వేరుగా తూచి ఉండవచ్చు. కనుక ప్రశ్నలోని వాక్యాన్ని పూర్తిగా చదవకుండా రెండు సర్వేలను పక్కపక్కన పెట్టకండి. ఇంటికి వచ్చి అడిగే మనిషికి, అత్తమామలు వింటుండగా ఒక కోడలు చెప్పే జవాబు ఆమె మనసులోని మాటే కావాలని లేదని కూడా గుర్తుంచుకోండి.

ఇంట్లోనే ఈ మాట వచ్చినప్పుడు

కొడుకో కూతురో చెప్పిన రోజున తల్లి నోట వచ్చే మొదటి మాట తరచుగా, "మా పెంపకంలో ఏం లోటు చేశాంరా?" అన్నదే. ఆ ప్రశ్నలో శాస్త్ర జిజ్ఞాస లేదు, తనను తాను నిందించుకునే బాధ ఉంది. కాబట్టి జన్యువుల లెక్కలతో మొదలుపెట్టకుండా, "పిన్నీ, నీ పెంపకంలో లోటేమీ లేదు, ఉంటే వాడు ఇంత ధైర్యంగా నీ దగ్గరకు వచ్చి చెప్పేవాడే కాదు" అని చెప్పడం మేలు. పరిశోధనల సంగతి ఆమె అడిగినప్పుడు, అడిగినంత మేరకే చెప్పవచ్చు.

ఇంకొక మాట దాదాపు తప్పక వస్తుంది: "పెళ్లి చేసెయ్యి బావా, అన్నీ అవే సర్దుకుంటాయి." ఇక్కడ మాత్రం మొహమాటపడకండి. ఏమీ తెలియని ఒక ఆడపిల్లను, లేదా ఒక అబ్బాయిని, ఆ పెళ్లిలోకి తెచ్చి కూర్చోబెట్టడం రెండు కుటుంబాలకు చేసే ద్రోహమని అక్కడికక్కడే చెప్పాలి.

నయం చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో దీనిని జబ్బుల జాబితా నుంచి తొలగించాయి. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సమాజంలో చెలామణిలో ఉన్న నైతిక, సాంస్కృతిక విలువలకు భిన్నంగా ఉన్నంత మాత్రాన ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించరాదంటుంది. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఇటువంటి చికిత్సలను నిషేధించాలని ఆదేశించగా, 2022లో జాతీయ వైద్య కమిషన్ వాటిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. మార్పు సాధ్యమేనని 2003లో 200 మందిని ఫోనులో ప్రశ్నించి వ్యాసం రాసిన రాబర్ట్ స్పిట్జర్ అనే ప్రసిద్ధ మానసిక వైద్యుడు, ఆ మాటలు నిజమో కాదో తేల్చే మార్గం తన దగ్గర లేదని ఒప్పుకుని, 2012లో స్వలింగ ప్రేమికులకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అటువంటి వైద్యుడెవరైనా ఎదురైతే రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. పిల్లవాడు దిగులుతో, భయంతో ఉంటే ఆ దిగులుకు మంచి మానసిక వైద్యుని సహాయం తీసుకోవడం వేరే సంగతి, అది తప్పక చేయాలి.

ఎందుకన్న ప్రశ్న సద్దుమణిగాక, ఇక ఎలా బతకాలన్న ప్రశ్న మిగులుతుంది. కుటుంబం తన శక్తిని పెట్టవలసినది దాని మీదే. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ముందు నిలిచిన కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటలకు వివాహ హక్కును నిరాకరించింది, 2025 జనవరిలో సమీక్ష పిటిషన్లనూ తోసిపుచ్చింది. కాబట్టి భార్యాభర్తలకు దానంతటదే దక్కే రక్షణను ఆ జంట కాగితం మీద ఒక్కొక్కటిగా రాసుకోవాలి. ఇద్దరి పేర్ల మీద బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డంకీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. బ్యాంకులో ఎవరైనా కాదంటే ఆ సూచన ప్రతిని చూపమనండి. దానితో పాటు వీలునామా రాయించి, రిజిస్టరు చేయించి, సాక్షుల్లో ఒకరిగా ఇంటి పెద్దే సంతకం పెడితే, రేపు ఆస్తి దగ్గర బంధువుల మధ్య తగాదా వచ్చినప్పుడు ఆ సంతకం చాలా పనిచేస్తుంది.