కోడ్ కాపీ చేస్తే రంగులు పోతున్నాయా?

వీఎస్ కోడ్ (ప్రోగ్రాములు రాసే ఎడిటర్) నుంచి కోడ్‌ను వర్డ్ ఫైల్‌లోకి తెచ్చినప్పుడు అక్షరాలు వెలిసిపోయినట్టు కనబడితే, లోపం కోడ్‌లో లేదు, థీమ్‌లో, అంటే ఎడిటర్ రంగుల అమరికలో ఉంది. ఎడిటర్‌లో ఏ థీమ్ నడుస్తుంటే ఆ రంగులే కాపీ అవుతాయి. డార్క్ థీమ్ లేత అక్షరాలు తెల్ల కాగితం మీద చదవడం చాలా కష్టం, ప్రింట్ తీస్తే మరీను. అందుకే కాపీకి ముందు కంట్రోల్ కే, వెంటనే కంట్రోల్ టీ నొక్కి ఏదైనా లైట్ థీమ్ ఎంచుకోండి. పని అయ్యాక పాత థీమ్‌కి వెళ్లిపోవచ్చు. అతికించాక ఒక్కో పదానికీ రంగు మార్చుకుంటూ కూర్చోవడం కన్నా ఇది ఎంతో నయం.

అసలు రంగులే రాకపోతే ముందు వీఎస్ కోడ్‌లో కింద కుడి మూల చూడండి. అక్కడ ప్లెయిన్ టెక్స్ట్ అని ఉంటే దాని మీద నొక్కి సరైన ప్రోగ్రామింగ్ భాష ఎంచుకోండి. సేవ్ చేయని కొత్త ఫైళ్లలో తరచూ ఇదే కారణం. అదీ సరిగ్గానే ఉంటే సెట్టింగ్స్‌లో ‘కాపీ విత్ సింటాక్స్ హైలైటింగ్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

చాలామందికి తట్టని కారణం ఇంకొకటుంది: ఒకటికి మించి కర్సర్లు పెట్టి విడివిడి ముక్కలు ఎంచుకుంటే రంగులు రావు, ఉత్త అక్షరాలే వస్తాయి. ఒకే వరుస ముక్కగా ఎంచుకుని కాపీ చేయండి.

వర్డ్‌లో అతికించేటప్పుడు ‘కీప్ సోర్స్ ఫార్మాటింగ్’ ఎంచుకోవడం మరవకండి. ‘కీప్ టెక్స్ట్ ఓన్లీ’ అయితే రంగులన్నీ అక్కడే పోతాయి.