కాలేజీలో ఫ్రీక్యాడ్ కూడా నేర్పించమని అడగాలంటే ఇలా అడగండి

మన పాలిటెక్నిక్‌లలో క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్, డిజైన్) అంటే ఆటోక్యాడే. చదువుకున్నన్నాళ్ళూ ఎడ్యుకేషన్ లైసెన్స్ ఫ్రీ, బానే ఉంది, కానీ డిప్లొమా అయ్యాక ఊళ్ళో ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టుకున్నోడు దాంతో డబ్బుల పని చేయకూడదు, కొనాలి లేదా క్రాక్ వేసుకోవాలి, మనోళ్ళు ఏది చేస్తారో చెప్పక్కర్లేదుగా. ఫ్రీక్యాడ్ కూడా క్యాడ్ సాఫ్ట్‌వేరే, కానీ ఎప్పటికీ ఫ్రీ, డబ్బుల పనికీ వాడుకోవచ్చు.

ముందుగా, ఆటోక్యాడ్ తీసేయమని మాత్రం అనొద్దు. ప్రాక్టికల్ ఎగ్జామ్ దానిమీదే, జాబ్ యాడ్స్‌లోనూ అదే పేరు, హెచ్‌ఓడీ గారు అక్కడే ఆపేస్తారు. దాంతోపాటు ఇంకోటి అనండి.

వట్టి చేతుల్తో కూడా వెళ్ళొద్దు. మీ ల్యాబ్ మాన్యువల్లోదే ఒక బొమ్మ గీసి, ప్రింట్ తీసి పట్టుకెళ్ళండి. సివిల్ అయితే లిబ్రెక్యాడ్‌లో (ఇదీ ఫ్రీయే, 2డీ బొమ్మలకి) రెండు గదుల ఇంటి ప్లాన్ చాలు. మెకానికల్ అయితే ఫ్రీక్యాడ్‌లో ఫ్లాంజ్ కప్లింగ్ (రెండు షాఫ్ట్‌లని కలిపే భాగం) చేయండి, అందులోనే ఉండే పార్ట్ డిజైన్‌లో సగం ప్రొఫైల్ గీసి రివాల్వ్ చేసి, ఒక బోల్ట్ రంధ్రం పెట్టి పోలార్ ప్యాటర్న్ (చుట్టూ కాపీలు పెట్టేది) కొడితే మిగతావి వాటంతటవే వస్తాయి, తర్వాత టెక్‌డ్రాలో షీట్ మీదకి తేవడమే. ప్రొజెక్షన్ (షీట్ మీద వ్యూలు పెట్టే పద్ధతి) ఫస్ట్ యాంగిల్‌లో ఉందో లేదో చూసుకోండి, థర్డ్ యాంగిల్లో పడిందా, సార్ కళ్ళు ఇంక వేరే ఏదీ చూడవు.

ఫ్రీక్యాడ్ వెర్షన్ 1.0 గానీ ఆ తర్వాతది గానీ వాడండి. అంతకుముందు వాటిలో మొదటి స్కెచ్ కొంచెం మారిస్తే మోడల్ మొత్తం చెదిరిపోయేది, పాతది చూసిన సార్ కచ్చితంగా ఇదే అంటారు. 2024 నవంబర్‌లో వచ్చిన 1.0లో అది చాలావరకు తగ్గింది, అసెంబ్లీ (విడి భాగాలని కలిపి బిగించి చూసేది) కూడా లోపలే ఇచ్చారు. ఇక డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ సొంత ఫార్మాట్) ఫైల్స్ సంగతి దాచొద్దు, ఫ్రీక్యాడ్‌లో తెరవాలంటే చాలాసార్లు వేరే కన్వర్టర్ కావాలి, డీఎక్స్‌ఎఫ్‌లో (రెండూ తెరవగల ఫార్మాట్) ఇచ్చిపుచ్చుకుంటే గొడవ తక్కువ అని మీరే ముందు చెప్పేయండి.

హెచ్‌ఓడీ కంటే ముందు ల్యాబ్ అసిస్టెంట్ అన్నని కలవండి, సిస్టమ్స్ ఆయన చేతిలోనే ఉంటాయి. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి ఒక్క సిస్టమ్‌లో వేయమనండి, ల్యాబ్ మొత్తం అంటే భయపడతారు.

"ఎవరు చెప్తారు మరి" అంటారు హెచ్‌ఓడీ గారు. సివిల్ వాళ్ళకైతే ఐఐటీ బాంబేలో ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ని ప్రోత్సహించే ఫాసీ (FOSSEE) ప్రాజెక్ట్ వాళ్ళ ఆస్‌డాగ్ (Osdag) సాఫ్ట్‌వేర్ చూపించండి, స్టీల్ కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం స్టీల్ కనెక్షన్లు డిజైన్ చేసేది, అదీ ఫ్రీయే. ఐఐటీ అన్న మాట వినగానే కుర్చీలో కొంచెం ముందుకి జరుగుతారు, నమ్మండి. చెప్పడం మాత్రం మొదట మీరే చెప్పాలి, శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఇవ్వమనండి చాలు.

అది నడిస్తే, ఈసారి సిలబస్ మార్చేటప్పుడు ఎస్‌బీటెట్‌కి (పాలిటెక్నిక్ సిలబస్, పరీక్షలు చూసే రాష్ట్ర బోర్డు) రాయమని మీ లెక్చరర్‌ని అడగండి, ఆటోక్యాడ్ అన్నచోట ‘ఏదైనా క్యాడ్ సాఫ్ట్‌వేర్’ అని మారిస్తే చాలని.