లూపస్‌తో కోనసీమలో: తొమ్మిదేళ్ళుగా నేను పాటిస్తున్నవి

నాకు లూపస్ అని 2016లో తేలింది. అప్పటికి 26 ఏళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఆ ఏడాది వేసవిలో పొద్దున్నే కత్తెర పట్టుకుందామంటే వేళ్ళు ముడుచుకునేవి కావు. గంటన్నర గడిస్తే గానీ సూదిలో దారం ఎక్కించలేకపోయేదాన్ని. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. నోట్లో అంగిటి మీద పుండ్లు లేచేవి, నొప్పి మాత్రం ఉండేది కాదు. బుగ్గల మీద, ముక్కు దూలం మీద ఎర్రగా కమిలితే రోహిణి కార్తె ఎండ దెబ్బ అనుకున్నాం. ఊళ్ళో వేయించుకున్న నొప్పుల ఇంజక్షన్లతో నాలుగు నెలలు గడిచిపోయాయి. చివరికి కాకినాడలో కీళ్ళ జబ్బుల డాక్టరుగారు రక్త పరీక్షలు, మూత్ర పరీక్ష చేయించి పేరు చెప్పారు.

ఈమధ్య మా చుట్టుపక్కల ఇద్దరమ్మాయిలకు ఇదే జబ్బని తేలింది. పదిమందికి వస్తే అందులో తొమ్మిదిమంది ఆడవాళ్ళే, అదీ ఎక్కువగా పిల్లల్ని కని పెంచే వయసులో. వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టుకుని చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మనసులో నాటుకోవలసింది ఇది. అందరూ మీతో "నీకు ఇమ్యూనిటీ తక్కువమ్మా, పెంచుకో" అంటారు. జబ్బు అది కాదు. మా పెదనాన్నగారి రొయ్యల చెరువు గట్టున ఒక కుక్క ఉండేది. దాని భయానికి రాత్రిపూట చెరువు వైపు ఎవరూ వచ్చేవారు కాదు. ఒక ఏడాది ఏమైందో, మేత చల్లడానికి వెళ్ళే కుర్రాణ్ణి కరిచింది, తర్వాత పెదనాన్నగారినే పట్టుకుంది. దాని బలం ఏమీ తగ్గలేదు. ఇంటివాళ్ళెవరో పైవాళ్ళెవరో గుర్తుపట్టడం పోయింది. లూపస్‌లో మన రోగనిరోధక వ్యవస్థకు జరిగేది అదే.

కాస్త వివరంగా చెబుతాను. ఒంట్లో రోజూ కోట్లకొద్దీ కణాలు చనిపోతుంటాయి, ఆ చెత్తను శరీరం ఎప్పటికప్పుడు ఎత్తేస్తుంటుంది. మనలాంటివాళ్ళలో ఆ పని సరిగా జరగదు. కణం లోపల ఉండాల్సిన డీఎన్‌ఏ లాంటివి బయటపడి అక్కడే ఉండిపోతే, వాటిని శత్రువులనుకుని శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఏఎన్‌ఏ, డీఎస్ డీఎన్‌ఏ అని రాసిచ్చే పరీక్షలు వెతికేది వీటినే. ఆ యాంటీబాడీలు వాటికి అతుక్కుని, రక్తంతోపాటు తిరిగి, కిడ్నీల్లోనో కీళ్ళలోనో చర్మంలోనో ఇరుక్కుంటాయి. అక్కడ వాపు మొదలవుతుంది. సీ3, సీ4 అనే ప్రోటీన్లు ఈ పోరులో ఖర్చయిపోతాయి, అందుకే జబ్బు రేగినప్పుడు రిపోర్టులో అవి తగ్గి కనిపిస్తాయి. ఒక్క ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చినంత మాత్రాన లూపస్ అని కంగారుపడకండి. ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా అది పాజిటివ్ రావచ్చు.

కాబట్టి ఇమ్యూనిటీ పెంచుతాయని అమ్మే పొడులు, కషాయాలు మనకు కావు. కరోనా రోజుల్లో మా అత్తగారు పెరట్లోని తిప్పతీగ తెచ్చి, దంచి, కాచి, రోజూ పరగడుపున గ్లాసుతో నా చేతికిచ్చేవారు. ఆవిడ ప్రేమకు వంక పెట్టలేను. కానీ తిప్పతీగ రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుంది. ఆ రోజుల్లోనే ముంబైలో డాక్టర్లు అది తాగినవాళ్ళలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని గమనించి రాశారు. మా డాక్టరుగారు ఫోనులో "వెంటనే ఆపెయ్యమ్మా" అన్నారు. అత్తగారికి చెరువు కుక్క సంగతి చెప్పాను. "అయితే ఆ కుక్కకి నేను చేపలు వేసి మేపుతున్నానన్నమాట" అని ఆ తీగను ఆవిడే పీకించేశారు. మీ ఇంట్లో కూడా ఇలాంటి మాటే ఏదో ఒకటి వెతుక్కోండి. వాదించి ఒప్పించడం కష్టం.

ఇక ఎండ. నన్ను అడిగితే మందుల తర్వాత అంత ముఖ్యమైనది ఇదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణాలను చంపుతాయి, వాటి లోపలి సరుకు బయటపడుతుంది, ఇందాక చెప్పిన కథంతా మళ్ళీ మొదలవుతుంది. అందుకే ఎండ పొడకు ముఖం మాత్రమే కాదు, కీళ్ళు, కిడ్నీలు కూడా రేగవచ్చు. 2018 మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళాం. భీష్మ ఏకాదశి నాడు రథం లాగడం చూసి, సాయంత్రం దాకా సముద్రపు ఒడ్డున కూర్చున్నాం. చల్లగాలి వేస్తుంటే గొడుగెందుకులే అనుకున్నాను. పది రోజుల తర్వాత మంచం దిగలేకపోయాను. ఒంటికి వేడి తగలకపోతే ఎండ లేనట్టు కాదు. మబ్బులోంచి కూడా ఆ కిరణాలు వస్తాయి. నీళ్ళ మీద, ఇసుక మీద పడి కింది నుంచి ముఖానికి కొడతాయి. నాట్ల కాలంలో మన పొలాలన్నీ నీళ్ళు నిండి అద్దాల్లా ఉంటాయి, చెరువు గట్లు సరేసరి. అక్కడ గొడుగు ఒక్కటే సరిపోదు.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 50 వాడతాను. చూపుడు వేలు, మధ్య వేలు మొత్తం పొడవునా పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. ఆకు మీద సున్నం రాసినట్టు పలచగా రాసుకుంటే పని చెయ్యదు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, చెమట పట్టే ఊరు కాబట్టి ఇంకా ముందే. చెవులు, మెడ వెనక మరిచిపోవద్దు. ఎండకు దూరంగా ఉంటాం కనుక విటమిన్ డి తగ్గుతుంది, అది పరీక్ష చేయించుకుని డాక్టరుగారు చెప్పినట్టు మాత్ర వేసుకోవాలి.

బట్ట సంగతి మాత్రం నేను గట్టిగా చెప్పగలను, నా పనే అది. షాపులో బట్టను ఒక్క పొర చేసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకోండి. అవతల మీ చేతి వేళ్ళు లెక్కపెట్టగలిగితే అది మీకు వద్దు. పలచని తెల్ల వాయిల్ చల్లగా ఉంటుంది గానీ కిరణాల్ని ఆపదు. నేత దట్టంగా ఉన్న ముదురు రంగు కాటన్ తీసుకోండి. చేతులు మణికట్టు దాకా, వీపు మెడ పైకి, చంకలో మామూలు కన్నా ముప్పావు అంగుళం వదులు పెట్టించండి, గాలి ఆడుతుంది. కాటన్ తడిస్తే రక్షణ తగ్గుతుంది, కాబట్టి చెమటకు ముద్దయిన జాకెట్టు మార్చుకోండి. నావి ఇలాంటివే ఆరున్నాయి. మొదట్లో పేరంటాలకు వెళ్తే వింతగా చూసేవారు, ఇప్పుడు నన్ను చూసి కుట్టించుకునేవాళ్ళున్నారు.

మందుల్లో మనందరికీ పునాది హైడ్రాక్సీక్లోరోక్విన్. ఇది రోగనిరోధక వ్యవస్థను చంపదు, సర్దుతుంది. పని మొదలుపెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. బాగున్నాం కదా అని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, బాగున్నది దానివల్లే. చేదుగా ఉంటుంది, వికారం పెడుతుంది, అన్నం తిన్నాక వేసుకోండి. మోతాదు బరువును బట్టి, కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకుండా ఇస్తారు. నా బరువు 52 కిలోలు. అందుకని రోజుకు 200 మాత్ర ఒకటి, బుధవారం, ఆదివారం రెండేసి రాశారు. మీ లెక్క మీ డాక్టరుగారు వేస్తారు, నాది చూసి వేసుకోకండి. ఏళ్ళ తరబడి వాడితే కంటి వెనక పొరకు ఇబ్బంది రావచ్చు, అందుకే మొదట్లో ఒకసారి, ఐదేళ్ళు దాటాక ఏటా కంటి పరీక్ష ఉండాలి. కిడ్నీ జబ్బు ఉంటే ఇంకా ముందు నుంచే. 2020 మార్చిలో కరోనాకు పనిచేస్తుందని జనం ఈ మాత్రలే ఎగబడి కొన్నారు. మా ఆయన అమలాపురంలో షాపు షాపూ తిరిగి ఒక్క అట్టతో వచ్చిన రోజు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అప్పటినుంచి ఒక నెల మందు ఎప్పుడూ అదనంగా పెట్టుకుంటున్నాను.

వాపును అణచడానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రల గురించి ఒక తప్పు నాది చెబుతాను. మొదటి ఏడాది వాటివల్ల ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఒక పెళ్ళిలో "బాగా ఒళ్ళు చేశావే" అన్న మాట పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. మూడో రోజు వాంతులు, కళ్ళు తిరగడం, బీపీ పడిపోయి సెలైన్ల మీద ఉన్నాను. బయటినుంచి స్టెరాయిడ్ ఇస్తుంటే శరీరం తనది తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. అందుకే మెట్టు మెట్టుగా దించాలి, అదీ డాక్టరు చెప్పినట్టే. వీలైనంత తక్కువకు, 5 మిల్లీగ్రాములకో అంతకన్నా కిందికో తేవాలని వాళ్ళూ చూస్తారు. ప్రతిసారీ "ఇంకా తగ్గించొచ్చా అండీ?" అని అడగండి. మోకాళ్ళ నొప్పులకు పేరు లేని పొట్లాల మందు ఎవరిచ్చినా మింగకండి. అందులో ఏం కలిపారో మనకు తెలియదు.

ఇప్పుడు రెండో సంగతి. జబ్బు వల్ల కొంత, స్టెరాయిడ్, మైకోఫెనొలేట్, అజాథయోప్రిన్ లాంటి మందుల వల్ల మరికొంత, క్రిములను అడ్డుకునే శక్తి తగ్గుతుంది. ఇంటివాళ్ళను కరుస్తుందని కుక్కను కట్టేశాం కదా, దొంగల విషయంలో మనమే మెలకువగా ఉండాలి. జ్వరం 100.4 ఫారన్‌హీట్ దాటితే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. అది లూపస్ రేగినదో ఇన్ఫెక్షనో ఇంట్లో కూర్చుని తేల్చలేం. మన వైపు దోమలు ఎక్కువ. డెంగ్యూలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, లూపస్‌లోనూ పడిపోతాయి. కాబట్టి ఏ ఆసుపత్రికి వెళ్ళినా మొదటి మాటగా "నాకు లూపస్ ఉంది, ఈ మందులు వాడుతున్నాను" అని చెప్పాలి. నీళ్ళు కాచి తాగండి. కొబ్బరితోటలో, పొలం గట్టు మీద చెప్పుల్లేకుండా తిరగకండి. మట్టిలో ఉండే ఒక రకం సన్నని పురుగు అరికాలిలోంచి ఎక్కుతుంది, స్టెరాయిడ్ వాడేవాళ్ళలో అది ప్రాణం మీదికి తేగలదు. పెద్ద మందులు మొదలుపెట్టే ముందు టీబీ ఉందేమో చూడమని అడగండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు మంచివే. బతికున్న క్రిమితో చేసే టీకాలు మాత్రం ఈ మందుల మీద ఉన్నప్పుడు వద్దంటారు.

కిడ్నీ నొప్పి పెట్టి చెప్పదు. 2018లో అంతర్వేది తర్వాత నాకు పట్టినది అదే. ఒకరోజు పొద్దున్న మూత్రంలో నురగ కనిపించింది, అప్పుడే పితికిన పాల మీద నురగలా, నీళ్ళు పోసినా వెంటనే పోలేదు. సాయంత్రం పాదాల మీద చెప్పు పట్టీ అచ్చు పడింది. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడి, పది లెక్కపెట్టినా నిండలేదు. అప్పుడే వెళ్ళాను కాబట్టి మందులతో దారికి వచ్చింది. బాగున్నా సరే మూడు నెలలకోసారి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష, బీపీ, కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ రక్త పరీక్ష మానకండి. నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు, అవి కిడ్నీకి చేటు. తిండికి ప్రత్యేకంగా పత్యం లేదు. వంకాయ, గోంగూర మానమని అందరూ అంటారు, నేను తింటాను. ఉప్పు మాత్రం తగ్గించాను, ఆవకాయ ఆదివారానికే.

అలసట గురించి డాక్టర్ల దగ్గర మందు తక్కువ. నిద్రపోయినా తీరని అలసట అది. నేను సంక్రాంతి ఆర్డర్లు డిసెంబరు 20కి ఆపేస్తాను. రోజుకు నాలుగు బ్లౌజులే. మధ్యాహ్నం గంట పడుకుంటాను, ఆ గంటలో ఎవరొచ్చినా అత్తగారే "పడుకుందండి, నాలుగింటికి రండి" అంటారు. బాగున్న రోజున మిగిలిన పనంతా లాగేస్తే తర్వాత మూడు రోజులు పోతాయి.

పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముందే చెప్పాలి. జబ్బు కనీసం ఆరు నెలలు నెమ్మదిగా ఉండాలి. మైకోఫెనొలేట్ లాంటివి కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, నాకు దాని బదులు అజాథయోప్రిన్ ఇచ్చారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మానలేదు. గర్భం నిలవకుండా చేసే యాంటీబాడీలు ఉన్నాయేమో కూడా చూస్తారు. మా పాప 2022 ఏప్రిల్‌లో పుట్టింది. జూలైలో గోదావరి వరద వచ్చినప్పుడు పుట్టింట్లో, లంక ఊళ్ళో ఉన్నాను. మందులన్నీ మూత బిగుతుగా ఉన్న బిస్కెట్ డబ్బాలో ఉండబట్టి, పడవ ఎక్కేటప్పుడు పాపను ఒక చేత్తో, డబ్బాను ఒక చేత్తో పట్టుకున్నాను. పదిహేను రోజుల మందు, రిపోర్టుల ఫోటోలు ఫోనులో, డాక్టరు నంబరు కాగితం మీద. మీది లంక అయితే జూన్‌లోనే ఇది సిద్ధం చేసుకోండి.

ఒక పుస్తకం పెట్టండి, పిల్లల నోటుబుక్ చాలు. నాది ఇలా ఉంటుంది: తేదీ, పొద్దున్న వేళ్ళు ఎంతసేపు బిగిసి ఉన్నాయో, నోట్లో పుండ్లు, జ్వరం, ఆ వారం ఎండలో తిరిగానా లేదా. కుడిచేతి పేజీ ప్రశ్నలకు. డాక్టరుగారి ముందు కూర్చుంటే పది నిమిషాలే, టెన్షన్‌లో సగం మరిచిపోతాం. రేపు నాకు కాకినాడ వెళ్ళే రోజు. ఈసారి ప్రశ్నలు మూడే రాసుకున్నాను: సీ3 కొంచెం తగ్గింది, చూడాలా? కంటి పరీక్ష ఈ నెలలోనా, వచ్చే నెలలోనా? స్టెరాయిడ్ ఇంకా తగ్గించొచ్చా?