కాలేయంలో హైడాటిడ్ తిత్తికి ఆపరేషన్ అన్నారా?

ఇది కుక్కల్లో ఉండే బద్దెపురుగు గుడ్లు మన ఒంట్లోకి చేరితే ఏర్పడే నీటి సంచి. టెన్షన్ పడకుండా ముందు స్కాన్‌లో తిత్తి ఏ దశలో ఉందో అడగండి. గట్టిపడి, సున్నం పట్టి, ఏ ఇబ్బందీ పెట్టనిదైతే చాలాసార్లు కోత అక్కర్లేదు. ఆపరేషన్ తప్పదంటే ముందూ తర్వాతా ఆల్బెండజోల్ అనే పురుగుల మందు ఇస్తారు, సొంతంగా మానేయొద్దు, మధ్యమధ్యలో లివర్ పరీక్షలు చేయించుకోండి. అసలు భయమంతా లోపలి నీరు చిందడం గురించే: తీవ్రమైన అలర్జీతో బీపీ పడిపోవచ్చు, చిందిన చోట కొత్త తిత్తులు పుట్టొచ్చు. అందుకే సర్జన్ తిత్తి చుట్టూ గాఢమైన ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరిచి, నీరు లాగేసి, తెల్లగా జారిపోయే లోపలి పొరను జాగ్రత్తగా తీస్తారు, ఆ గుంతలోకి పిత్తం కారుతుంటే కుట్టేస్తారు. తర్వాత జ్వరమొచ్చినా, డ్రెయిన్ గొట్టంలో పసుపుపచ్చగా వచ్చినా వెంటనే చెప్పండి. పెంపుడు కుక్కకి బద్దెపురుగుల మందు వేయించండి, గొర్రె పచ్చి కాలేయం మాత్రం దానికి పెట్టొద్దు.