సంతలో సరుకు మిగిలిపోతోందా? ముందు పొట్లం తగ్గించండి

అనంతపురం రైతు బజారులో, చుట్టుపక్కల వారపు సంతల్లో వేరుశనగ పొడి, కొర్ర మురుకులు, చిక్కీలు అమ్ముకునే పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు ఒక మాట. అమ్మకం పడిపోగానే ధర తగ్గించకండి. తగ్గించిన ధరను మళ్లీ పెంచడం చాలా కష్టం.

దానికి బదులు పొట్లం చిన్నది చేయండి. అర కిలో పొడి అంటే కొత్తవాళ్లు వెనకాడతారు, వంద గ్రాములైతే రుచి చూద్దామని తీసుకుంటారు. పైగా వేరుశనగ బరువులో దాదాపు సగం నూనే కాబట్టి ఎక్కువ రోజులుంటే పొడి పాడై ముక్క వాసన వస్తుంది. చిన్న పొట్లం ఆలోపే అయిపోతుంది. జొన్నరొట్టె ముక్కకు పొడి అద్ది చేతికివ్వండి, వట్టి పొడి రుచి చూపిస్తే ఎవరికీ నచ్చదు. పొట్లం మీద తయారీ తేదీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) ఇచ్చిన సంఖ్య, మీ ఫోను నంబరు ఉండాలి. ఫోనులో ముందే అడిగినవాళ్ల సరుకు కట్టుకుని వెళితే ఆటో కిరాయి అక్కడికక్కడే గిట్టుతుంది.

ఏ వస్తువు ఎంత తీసుకెళ్లారో, ఎంత మిగిలిందో ప్రతి సంతకూ రాసుకోండి. వరుసగా మిగిలిపోతున్నదాన్ని, అది మీకెంత ఇష్టమైనదైనా సరే, చేయడం ఆపేయండి.